ఇచ్చిన లెక్క చాలుద్దా? ఐసెట్ పరీక్షలో 'దత్తాంశ పర్యాప్తత', గుంటూరు - ప్రకాశం దళిత విద్యార్థి

ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. సీట్ల కోసం రాసే ఐసెట్ ప్రశ్నపత్రంలో ఇరవై మార్కులకు ఒక తరహా ప్రశ్నలుంటాయి. వాటిలో జవాబు రాబట్టమని అడగరు. ఒక ప్రశ్న వేసి, దాని కింద రెండు ప్రవచనాలు ఇస్తారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పటానికి ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అన్నదొక్కటే తేల్చమంటారు. మొదటి ప్రవచనం ఒక్కటే చాలితే 1, రెండోది ఒక్కటే చాలితే 2, రెండూ కలిస్తేనే చాలేటట్టయితే 3, రెండూ కలిపినా చాలకపోతే 4 దిద్దాలి. ఇంగ్లీషులో దీన్ని డేటా సఫిషియన్సీ అంటారు. తెలుగు పుస్తకాల్లో 'దత్తాంశ పర్యాప్తత' అని వేస్తున్నారు. ఈ రెండు మాటల్లో ఏదీ మన పల్లెల్లో ఎవరి నోటా రాదు. పల్లెలో అనేది "చాలుద్దా, చాలదా" అని.

ఈ మాటల తేడా చిన్నదేమీ కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి డిగ్రీ దాకా వచ్చిన పిల్లలు ఆ ప్రశ్నల దగ్గర ఆగిపోవటం ఈ వ్యాసకర్తకు తెలిసిన విషయం. మిగతా లెక్కలు కిందా మీదా పడి చేసేవాళ్ళే ఇక్కడ పెన్సిలు పక్కన పెట్టేస్తారు. దీనికి వాళ్ళ తెలివి తక్కువతనం కారణమని చెప్పే మాస్టర్లకు కొదవ లేదు. అసలు ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది, మన దాకా ఎట్లా వచ్చింది, అది అడిగే ఆలోచన మన కుటుంబాలకు నిజంగా పరాయిదేనా అని చూడాల్సిన అవసరం అందుకే వచ్చింది.

ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో చేరిన లక్షల మందికి 'బుద్ధి' కొలిచే పరీక్షలు పెట్టారు. ఆ మార్కులు చేతబట్టుకుని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగ్‌హామ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన తెల్లవాళ్ళు పై మెట్టు, దక్షిణ, తూర్పు ఐరోపా వాళ్ళు కింద మెట్టు, నల్లవాళ్ళు ఇంకా కింది మెట్టు అని అందులో తేల్చాడు. మనకు ఈ మెట్ల లెక్క కొత్తది కాదు కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కాలేజీ ప్రవేశాల కోసం 1926లో శాట్ పరీక్షను తయారుచేసిన పనికి ఆయనే పెద్ద. 1930లో ఆయనే తన పాత నిర్ధారణలు నిలబడవని రాసుకున్నాడు. భాష, అలవాట్లు వేరైన వాళ్ళను ఒకే కొలబద్దతో కొలిచి పోల్చకూడదని అప్పటికి ఒప్పుకున్నాడు. ఈ ఏడేళ్ళ మధ్యలోనే, 1924లో, ఐరోపాలోని ఆ 'కింది మెట్టు' జాతుల రాకను బిగించే వలసల చట్టం అమెరికాలో వచ్చేసింది. మనిషి మాట మార్చుకోగలడు గాని, చట్టం అంత తేలిగ్గా మారదు.

డేటా సఫిషియన్సీ ప్రశ్న శాట్‌లోకి 1959 ప్రాంతంలో వచ్చింది. 1974లో తీసేసి, దాని చోట ఇంకొంచెం తక్కువ చదువు, తక్కువ సమయం పట్టే మరో రకం ప్రశ్న పెట్టారు. బిజినెస్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష మాత్రం దాన్ని వదల్లేదు. 1954లో మొదలై 1976లో జీమ్యాట్ అని పేరు మార్చుకున్న ఆ పరీక్షలో ఇది దశాబ్దాలపాటు నడిచింది. 2023లో పరీక్ష రూపం మార్చినప్పుడు కూడా పోలేదు, డేటా ఇన్‌సైట్స్ అనే కొత్త భాగంలోకి మారింది. మేనేజరు కాబోయేవాడికి లెక్క చేసేవాళ్ళు కింద ఉంటారు, ఏ సమాచారం తెప్పించుకోవాలో, ఎక్కడ ఆపాలో తెలిస్తే చాలు అన్నది దీని వెనక ఉన్న ఊహ. ఆఫీసు గదిలో కూర్చునేవాడి ఊహ అది.

మన దేశంలో 1961లో అహ్మదాబాద్, కలకత్తాల్లో ఐ.ఐ.ఎం.లు వచ్చాయి. వాటి వెనకే క్యాట్, ఆ తర్వాత బ్యాంకు పరీక్షలు, రాష్ట్రస్థాయిలో ఐసెట్. అమెరికాలో ఐదు జవాబులుండే ప్రశ్న ఐసెట్‌కు వచ్చేసరికి నాలుగైంది. "ఏ ఒక్కటైనా చాలు" అనే గడి పోయింది. ఇంతకు మించి మన పరిస్థితులకు తగ్గట్టు మార్చిందేమీ లేదు.

నల్లరేగడిలో లెక్కలు

కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. గుంటూరు జిల్లా డెల్టా భాగం వరి పొలమైంది. మెట్ట భాగానికి నీళ్ళు రావటానికి ఇంకో నూరేళ్ళు పైనే పట్టింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. పల్నాటి నుంచి ప్రకాశం దాకా నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప విస్తరించిన కాలం అదే. ప్రకాశం జిల్లా కూడా 1970లో ఏర్పడిందే. నీళ్ళు వచ్చాక భూమి ఉన్న కులాలకు చేతిలో రొక్కం ఆడింది. ఆ రొక్కం పొగాకు బేరన్లు, జిన్నింగు మిల్లులు, సినిమా హాళ్ళు, తర్వాత ప్రైవేటు కాలేజీల రూపం ఎత్తింది. కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేయాల్సి వచ్చిందంటే వ్యాపారం అప్పటికే ఎంత ముదిరిందో తెలుస్తుంది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసు తీర్పు చెప్పింది. 'ఫ్రీ సీటు', 'పేమెంటు సీటు' అనే మాటలు ఇంటింటా వినబడింది ఆ తర్వాతే. ఆ కేసు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే.

అదే నీళ్ళు దళితులకు కూలి తెచ్చాయి. భూమి తేలేదు.

చదువు మాత్రం అంతకంటే ముందే వేరే దారిలో వచ్చింది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. తొలి మాదిగ విశ్వాసి యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసినవాడు. మాదిగలను చేర్చుకోవద్దని అగ్రవర్ణాలవాళ్ళు అభ్యంతరం పెడితే క్లౌ దంపతులు మాదిగల వైపు నిలబడ్డారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వెనకే పల్లెల్లో చిన్న చిన్న బడులు వచ్చాయి. అక్కడ నేర్పింది ముఖ్యంగా బైబిలు చదవటం. అక్షరం అట్లా వచ్చింది. లెక్క మాత్రం బడిలో కంటే కళ్ళంలోనే ఎక్కువ ఎదురైంది.

కళ్ళంలో లెక్క అంటే ఏంటో కాస్త చూద్దాం. ఏడాది పాలేరుకు ఇన్ని బస్తాలని కుదురుతుంది. మధ్యలో ఇంట్లో గింజలు అయిపోతే ఆసామి దగ్గరే నాగుకి తెస్తాడు, ఒకటికి ఒకటిన్నర కట్టాలి. జబ్బు చేసిన రోజులు, పండక్కి ఆగిన రోజులు కోత పెడతారు. పెళ్ళికో చావుకో తీసుకున్న డబ్బు మీద వడ్డీ ఉంటుంది. ఏడాది చివర ఆసామి పుస్తకం తెరిచి "నువ్వే ఇంకా ఇయ్యాలిరా" అంటాడు. ఇందులో ఏ రోజులు కోశారో, ఏ కొలతతో గింజలు కొలిచారో, వడ్డీ ఏ నెల నుంచి వేశారో పాలేరుకు చెప్పరు. అంటే ప్రశ్న ఉంది, జవాబు కూడా ఎదటివాడే చెప్పేశాడు, ప్రవచనాలు మాత్రం దాచిపెట్టారు. ఆ జవాబు నిజమో కాదో తేల్చటానికి తన దగ్గరున్న సమాచారం చాలదని పాలేరుకు తెలుసు. బాగా తెలుసు. ఆ మాట పైకి అనటానికి వీల్లేకపోవటమే అక్కడి వ్యవస్థ. "లెక్క చూపియ్యండయ్యా" అనటం తలబిరుసు కింద జమ అయ్యేది.

ఆడవాళ్ళ మిరప కోతలోనూ ఇదే సంగతి. మొదట కాయ కోసినన్ని రోజులు దినకూలి, తర్వాత కొన్నిచోట్ల తూకానికి కూలి. కాటా ఎవరిది, తడి కాయకు తరుగు ఎంత, తాలుకాయ లెక్కలోకి వస్తుందా రాదా, ముఠా మేస్త్రీకి పోయేదెంత అన్నవి నాలుగూ తెలిస్తే గాని చేతికి ఎంత రావాలో చెప్పలేం. నాలుగూ చెప్పే కళ్ళం అరుదు. చదువురాని అమ్మ తూకం దగ్గర నిలబడి "ఆ కాటా ఒకసారి ఖాళీగా చూపియ్యి" అంటే ఆమె అడిగింది దత్తాంశ పర్యాప్తత ప్రశ్నే.

కోతల కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మన పిల్లల పరీక్షల కాలమూ అదే. ఈ రెండు క్యాలెండర్లు ఢీకొనటాన్ని బడి హాజరు పట్టీలు 'గైర్హాజరు' అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాయి.

లెక్క ఎట్లా చేస్తారు

ఇక ప్రశ్నల్లోకే వద్దాం. విద్యార్థులు ఈ భాగాన్ని నిదానంగా, కాగితం పక్కన పెట్టుకుని చదివితే మంచిది. ఉదాహరణలు మనవే, అంకెలు లెక్క కోసం కల్పించినవి.

ప్రశ్న: ఒక చేలో ఒక రోజున మిరప కోతకు ఆడా మగా ఇద్దరూ వచ్చారు. ఆడవాళ్ళు ఎంతమంది?
మొదటి ప్రవచనం: ఆడవాళ్ళకు మనిషికి 250 రూపాయలు, మగవాళ్ళకు 400 రూపాయలు చొప్పున మొత్తం 6,000 రూపాయలు ఇచ్చారు.
రెండో ప్రవచనం: ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళ సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువ.

ముందు రెండో ప్రవచనాన్ని అరచేత్తో మూసెయ్యాలి. అది ఉందని కూడా మర్చిపోవాలి. మొదటిదాంట్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు అని రెండు తెలియనివి, సమీకరణం ఒకటి. యాభైతో భాగిస్తే ఐదు రెట్లు ఆడవాళ్ళు, ఎనిమిది రెట్లు మగవాళ్ళు కలిపి 120. మగవాళ్ళు ఐదుగురైతే ఆడవాళ్ళు పదహారుమంది. మగవాళ్ళు పదిమందైతే ఆడవాళ్ళు ఎనిమిదిమంది. పదిహేనుమంది మగవాళ్ళైతే ఆడవాళ్ళు సున్నా, కాని ఇద్దరూ వచ్చారని చెప్పారు కాబట్టి అది కొట్టెయ్యాలి. రెండు జవాబులు మిగిలాయి, కనక మొదటిది చాలదు. ఇప్పుడు మొదటిదాన్ని మూసి రెండోది చూడాలి. రెట్టింపు కంటే ఎక్కువ అంటే ఎంతైనా కావచ్చు, చాలదు. ఇప్పుడు చెయ్యి తీసి రెండూ కలిపి చూస్తే పదహారు - ఐదు జంట ఒక్కటే నిలుస్తుంది. జవాబు 3.

అదే ప్రశ్నలో మొత్తం కూలి 6,000 కాక 2,950 అనుకుందాం. ఐదు రెట్లు ఆడవాళ్ళు, ఎనిమిది రెట్లు మగవాళ్ళు కలిపి 59. మగవాళ్ళు ఒకరైతే 51 మిగుల్తుంది, ఐదుతో పోదు. ఇద్దరైతే 43, పోదు. ముగ్గురైతే 35, ఆడవాళ్ళు ఏడుగురు. నలుగురికి 27, ఐదుగురికి 19, ఆరుగురికి 11, ఏడుగురికి 3, ఏదీ పోదు. ఎనిమిదిమంది అయితే 64, అప్పటికే 59 దాటిపోయింది. అంటే జవాబు ఒక్కటే, ఏడుగురు. మొదటి ప్రవచనం ఒక్కటే చాలింది. జవాబు 1.

బడిలో మనకు నేర్పింది "తెలియనివి రెండుంటే సమీకరణాలు రెండు కావాలి" అని. ఆ సూత్రం పట్టుకున్నవాడు రెండో సందర్భంలో 3 దిద్ది వస్తాడు. సూత్రం ఎందుకు తప్పింది? కూలికి వచ్చింది మనుషులు. మూడుంపావు మనిషి రాడు. మనుషులు పూర్ణసంఖ్యల్లోనే వస్తారన్న సమాచారం ప్రశ్నలోనే ఉంది, కాకపోతే ఎవరూ దాన్ని ప్రవచనమని పేరు పెట్టి రాయలేదు. కాయ బరువు అడిగితే ఈ కిటుకు పనిచెయ్యదు, బరువు పదకొండున్నర కిలోలు కూడా కావచ్చు. ప్రశ్న దేన్ని లెక్కపెడుతోంది, మనిషినా సరుకునా అన్నది మొదట చూడాల్సింది.

ఇంకో చోట చాలామంది జారతారు. "ఈ టిక్కీ బరువు 40 కిలోలు దాటిందా?" అన్నది ప్రశ్న. "బరువు 38 కిలోలు" అన్నది ప్రవచనం. దాటలేదు కాబట్టి సమాచారం చాలదని దిద్దేవాళ్ళు ఉన్నారు. తప్పు. 'లేదు' అని కచ్చితంగా చెప్పగలిగాం, అదే జవాబు. సమాచారం చాలింది. "బరువు 38కి, 42కి మధ్య" అంటేనే చాలనట్టు. కాదు అనే జవాబుకీ, తెలియదు అనే జవాబుకీ ఉన్న ఈ తేడా పుస్తకంలో ఒక పేరాలో అయిపోతుంది. కులం ఉన్న ఊళ్ళో పెరిగిన పిల్లలకు అది అంత తొందరగా ఎక్కదు. వాళ్ళ దరఖాస్తులకు, వాళ్ళ నాయనల అడుగుడుకు 'కాదు' అని ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. "చూద్దాం", "రేపు రా", "కాయితం చాలదు" అన్నారు. మూడూ కాదనటమే, కాని మూడిట్లోనూ ఆ మాట లేదు.

మూడో చిక్కు వేరే రకం. ప్రశ్నలో చెప్పని దాన్ని మనకు తెలిసిందని కలుపుకోకూడదు. "ఆడవాళ్ళ కూలి 250, మగవాళ్ళ కూలి ఎంత?" అంటే మన ఊళ్ళో ఎంతో మనకు తెలుసు, ఆ అంకె వేసుకుని చెయ్యబోతాం. పరీక్ష ఒప్పుకోదు. నల్లరేగడిలో పుట్టిన పిల్లకి బతుకంతా ఊహించి పనిచెయ్యటమే నేర్పింది, ఆసామి మొహం చూసి ఇవ్వాళ కూలి ఇస్తాడా లేదా అని చెప్పగలదు. ఆ విద్యను పరీక్ష హాలు బయట వదిలి రమ్మంటోంది ఈ ప్రశ్న. వదలటం నేర్చుకోవచ్చు, నెల రోజుల సాధన చాలు. కాని వదలమని ఎవరో ఒకరు చెప్పాలి గదా. మన హాస్టళ్ళలో చాలాచోట్ల ఆ చెప్పేవాళ్ళే లేరు.

ఈ రకం ప్రశ్న మీద నాకు కోపం లేదని ఇక్కడ చెప్పాలి. పరీక్షలన్నీ బ్రాహ్మణీయ కుట్ర అని తేల్చి కూర్చోవటం తేలిక. ఐసెట్‌లోని సిరీస్‌లూ, కోడింగు, డీకోడింగులూ బట్టీ మీదా వేగం మీదా ఆధారపడ్డవే. వాటి మధ్య "నీ దగ్గరున్నది చాలుతుందా" అని అడిగే ప్రశ్న ఒక్కటే కూలిపిల్లకి పనికొచ్చే ఆలోచన. కార్పొరేట్ కోచింగు దీన్ని కూడా కిటుకుల జాబితా చేసి అమ్ముతోంది. మనం దాన్ని లెక్క చూపించమని అడిగే అలవాటుగా నేర్పాలి.

నలభై ఐదు సెకన్లు

ఐసెట్ పత్రంలో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. పైన కూలీల లెక్క రెండోసారి చేసినప్పుడు మనం ఎనిమిది విడతలు చూశాం. నిదానంగా చేస్తే రెండు నిమిషాలు పడుతుంది. ఇంగ్లీషు మీడియం వాడు ఇంగ్లీషు ప్రశ్న చదివి నేరుగా లెక్కలోకి పోతాడు. తెలుగు మీడియం విద్యార్థి 'దత్తాంశం', 'ప్రవచనం', 'పర్యాప్తం' దాటుకుని, అనుమానం వచ్చి ఇంగ్లీషు వైపు చూసి, మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి సగం సమయం పోతుంది. సంస్కృతం చదవని ఇళ్ళ పిల్లలకు ఇది రెండు పరాయి భాషల పరీక్ష.

ఇక అర్హత మార్కుల సంగతి. ఐసెట్‌లో అర్హత 25 శాతం, అంటే 200కు 50. ఎస్.సి., ఎస్.టి.లకు కనీస మార్కుల నిబంధన లేదు. దీన్ని పట్టుకుని "మార్కులే అక్కర్లేని వాళ్ళు" అనే ఎగతాళి ప్రతి క్యాంపస్‌లోనూ వినబడుతుంది. ఆ ఎగతాళి చేసేవాళ్ళే ఈ లెక్క చెయ్యాలి. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు, తప్పు దిద్దితే మార్కు కోయరు. ఏమీ చదవకుండా, కళ్ళు మూసుకుని 200 గడులు నింపితే సగటున ఎన్ని వస్తాయి? నాలుగో వంతు, అంటే 50. 'ప్రతిభ' గీత సరిగ్గా గుడ్డి అదృష్టం గీత మీదే గీశారు. ఆ గీతకు పైనున్నవాడు ప్రతిభావంతుడనీ, కిందున్నవాడు కాదనీ చెప్పటానికి ఆ ఒక్క అంకె చాలదు. జవాబు 4.

మార్కులకీ కులానికీ మధ్య తగాదా ఐసెట్‌తో పుట్టింది కాదు. గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కాలేజీ సీట్లను కమ్యూనల్ జి.ఓ. ప్రకారం పంచేవాళ్ళు. ప్రతి 14 సీట్లలో 2 హరిజనులకు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వల్లే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) అధికరణ చేరింది. ఇవాళ ఐసెట్ రాసే ప్రతి దళిత విద్యార్థి కౌన్సెలింగు కాగితం వెనక ఆ సవరణ ఉంది.

అదే కాగితంలో ఇంకో గడి ఉంది. ఈ రెండు జిల్లాల్లో మన పల్లెల్లో చర్చి లేనిది అరుదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మేరకు క్రైస్తవం స్వీకరించిన దళితులు ఎస్.సి. కారు. రాష్ట్రంలో వాళ్ళను బి.సి. 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ళలో ఒక పిల్ల 15 శాతంలోకీ, ఇంకో పిల్ల 1 శాతంలోకీ పోతుంది. వెల్లంపల్లి రేవులో మునిగిన వాళ్ళ మునిమనవళ్ళు ఏ గడిలో టిక్కు పెట్టాలో తేల్చుకోలేక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగటం ఈ జిల్లాల విద్యాచరిత్రలో భాగమే.

ప్రభుత్వం అడిగే ప్రశ్న

విద్యార్థిని 45 సెకన్లలో తేల్చమనే ప్రశ్నను రాజ్యం తనకు తాను వేసుకున్నప్పుడు ఎంత సమయం తీసుకుందో చూడాలి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎస్.సి. రిజర్వేషన్ ఫలాలు అన్ని కులాలకూ సమానంగా అందటం లేదన్నది వాదన. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ లెక్కలు తీసింది. రెల్లి 1, మాదిగ 7, మాల 6, ఆది ఆంధ్ర 1 శాతంగా ఎ, బి, సి, డి విభజన వచ్చింది. 2000లో చట్టమైంది. 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఆ తీర్పును మన వాళ్ళు చాలామంది "లెక్కలు చాలలేదని కొట్టేశారు" అని చెబుతుంటారు. అది సరికాదు. షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే సజాతీయ వర్గం, రాష్ట్రానికి వాటిని విడదీసే అధికారం లేదు అన్నది తీర్పు. పరీక్ష భాషలో చెప్పాలంటే ప్రవచనాలు చాలలేదని కాదు, ఆ ప్రశ్నే అడగకూడదన్నారు. 2024 ఆగస్టు 1న పంజాబ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో దాన్ని తిరగదోడింది. ప్రశ్న అడగొచ్చు, కాని అనుభవపూర్వక లెక్కలు చూపించాలి అంది. ఈ రెండు తీర్పుల మధ్య ఇరవై ఏళ్ళలో డిగ్రీ పూర్తి చేసి, ఐసెట్ రాసి, వయసు మళ్ళినవాళ్ళు ఉన్నారు. మాల సంఘాల అభ్యంతరాలను కూడా ఇక్కడ కొట్టిపారెయ్యకూడదు. జనాభా లెక్క ఒక్కటే చాలదు, ఉద్యోగాల లెక్క, భూమి లెక్క, చదువు లెక్క కూడా పెట్టమని వాళ్ళు అడుగుతున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. చర్చ లెక్కల మీద జరగాలి గాని పల్లెల మధ్య కాదు.

దళితులను ఇన్ని లెక్కలు అడిగిన వ్యవస్థ ఇంకొకళ్ళను ఎన్ని అడిగింది? పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు 'పరిమాణాత్మక లెక్కలు' కావాలని 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు అంది. వెనకబాటుతనాన్ని ఎస్.సి., ఎస్.టి.లు మళ్ళీ రుజువు చేసుకోనక్కర్లేదని 2018లో జర్నైల్ సింగ్ కేసులో చెప్పేదాకా పన్నెండేళ్ళు ఆ భారం మన నెత్తినే ఉంది. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకు 10 శాతం ఇచ్చే 103వ సవరణ 2019 జనవరి 8న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, 12న రాష్ట్రపతి సంతకమైంది. మధ్యలో నాలుగు రోజులు.

కోర్టు గదుల్లో సాక్ష్యం చాలుద్దా చాలదా అన్న ప్రశ్న ఈ జిల్లాల్లో ఇంకా బరువైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ అది. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. అదే సాక్షులు, అదే వాంగ్మూలాలు. ఒక కోర్టుకు చాలాయి, ఇంకో కోర్టుకు చాలలేదు. దీని మీద వేరే వ్యాసమే రాయాలి.

పంజాబ్ కేసు తీర్పు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్‌ను వేసింది. 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు వచ్చింది. మూడు గ్రూపులు: రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, మాదిగ తదితర 18 కులాలకు 6.5 శాతం, మాల తదితర 29 కులాలకు 7.5 శాతం. దీనికి ఆధారం 2011 జనగణన. అప్పుడు పుట్టిన పిల్లలు ఆర్డినెన్సు వచ్చేనాటికి హైస్కూల్లో ఉన్నారు. కొత్త జనగణన అయ్యాక రాష్ట్రాన్ని కాక జిల్లాను యూనిట్‌గా తీసుకుంటామని ప్రభుత్వం చెప్పింది. కాని 2022లో జిల్లాలను మళ్ళీ గీశారు. పాత గుంటూరు మూడు ముక్కలైంది, చుండూరు, కారంచేడు రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, ఈదుమూడి ప్రకాశంలోనే ఉంది. ఏ పల్లెలో ఏ ఇంటిని ఏ కులం కింద రాస్తారు, చర్చికి పోయే ఇంటిని ఎక్కడ రాస్తారు, కోతలకు వేరే జిల్లా నుంచి వచ్చి కళ్ళం పక్కన గుడిసె వేసుకున్న కుటుంబాన్ని ఎక్కడ లెక్కిస్తారు అన్నది ఎన్యూమరేటరు వచ్చిన రోజున గుమ్మం దగ్గర నిలబడి చూసుకోవాలి. డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఆ పని వాళ్ళే చెయ్యాలి.